చెవులపిల్లికి ఏ తూటా?

సంక్రాంతికి బంగారుపాళ్యం పోయినప్పుడు మా నాయన బీరువాలోంచి ఒక పాత పుస్తకం తీసి నా ముందర పెట్టాడు. బ్యాంకు పాసుబుక్కంత ఉంటుంది, అట్టలు నలిగిపోయి ఉన్నాయి. మా తాత కాలం నాటి తుపాకి లైసెన్సు. తాత పోయాక నాయన పేరుకి మారింది. ఇప్పుడు నాయనకీ డెబ్భై దాటాయి.

"ఏం చేద్దాం చెప్పు. నీ పేరుకి మార్పిచ్చుకుంటావా, సరెండర్ చేసేద్దామా? గడువు దగ్గిరకొస్తా ఉంది" అన్నాడు.

తుపాకి అంటే సినిమాల్లో చూసేది ఊహించుకోకండి. మూతి వైపునుంచి మందు పోసి, గుడ్డపేలికో కొబ్బరిపీచో పెట్టి, సీసం గుండ్లు వేసి, కడ్డీతో దట్టించి పేల్చే రకం. లైసెన్సు మీద ఎస్.బి.ఎం.ఎల్. అని ఉంటుంది. నునుపు గొట్టం, మూతి వైపు నింపేది అని అర్థం. ఒకసారి పేల్చాక రెండోసారి పేల్చేలోపు అడవిపంది పక్క ఊరు చేరుకుంటుంది.

ఆలోచించి చెప్తానని బెంగుళూరు బస్సెక్కాను. సోమవారం ఆఫీసులో భోజనాల దగ్గర ఈ మాట ఎత్తితే, షూటింగ్ క్లబ్బులో మెంబరైన మా సీనియర్ ఒకాయన నవ్వాడు. "ఆ ఇనప గొట్టం ఎందుకు బాస్? దాన్నిచ్చేసి ఓ చిన్న రివాల్వర్ తీసుకో. తోటలో కుందేళ్ళకీ, పిట్టలకీ .22 అయినా చాలు, .32 అయితే ఇంకా మేలు" అన్నాడు.

అక్కడ మొదలైంది నా పిచ్చి. కుందేలుకి ఏ తూటా సరిపోతుంది? మనకి ఒక ప్రశ్న దొరికితే చాలు కదా, పని పక్కన పెట్టి దాని వెంట పడతాం. వారం రోజులు చదివాక తెలిసిందేమిటంటే, ఈ ప్రశ్నకి అమెరికాలో ఒక జవాబుంది. మన దగ్గర వేరే జవాబుంది, దానికీ కుందేలుకీ అసలు సంబంధమే లేదు.

ముందు అమెరికా జవాబు చూద్దాం. ఇంటర్ ఫిజిక్స్ చాలు. సగం ఎం వీ స్క్వేర్.

.22 లాంగ్ రైఫిల్ తూటా బరువు రెండున్నర గ్రాముల పైన. పిస్తోలు నుంచి సెకనుకి సుమారు 300 మీటర్ల వేగంతో పోతుంది. లెక్క కడితే 120 జౌల్స్ దరిదాపు. .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్ తూటా బరువు ఆరు గ్రాముల పైనే గానీ మెల్లగా పోతుంది, సెకనుకి 215 మీటర్లు. అది 150 జౌల్స్ లోపు. మామూలు 9 ఎం.ఎం. 450 దాకా పోతుంది. .357 మాగ్నం 700 దాటుతుంది.

చెవులపిల్లి (మా చిత్తూరు వైపు కుందేలుని అట్లే అంటాం) తూగేది రెండు మూడు కిలోలు. దాన్ని 700 జౌల్స్‌తో కొడితే ఇంటికి తెచ్చుకోవడానికి చెవులు మిగలొచ్చు. అందుకే అక్కడి పాత వేటగాళ్ళు చిన్న జంతువులకి తక్కువ శక్తి తూటాలే మంచివంటారు. మాంసం చెడదు, చప్పుడు తక్కువ, చెయ్యి అదరదు కాబట్టి గురి కుదురుతుంది. .22 చవక, రోజూ సాధన చెయ్యొచ్చు. .32 లావుగా, మెల్లగా, సూటిగా పోతుంది. రెంటిలో ఏదైనా సరే, తలకి కొట్టగల దూరంలో ఉంటేనే కొట్టు, లేకపోతే వదిలెయ్యి అన్నది వాళ్ళ నియమం. గాయపడి పొదలో దూరి చచ్చే జంతువు వేటగాడికి సిగ్గు. చేతి తుపాకీతో ఆ దూరం చాలామందికి ఇరవై ముప్ఫై అడుగులు దాటదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇంజనీరింగ్ ప్రశ్న, ఇంజనీరింగ్ జవాబు. ఇక మన ఊరి సంగతికి వద్దాం.

బంగారుపాళ్యం అన్న పేరులోనే ఉంది అసలు కథ. పాళెం అంటే దండు విడిది. చిత్తూరు చుట్టూ ఉన్న పాళెపట్టుల్లో బంగారి ఒకటి. పాళేగాడి కింద కట్టుబడి బంట్లు ఉండేవాళ్ళు. పొలం దున్నుకుంటారు, పిలుపొస్తే తుపాకో ఈటెో తీసుకుని వస్తారు. అంటే ఊళ్ళో ఆయుధం ఉండటం ఆనాడు వింత కాదు, అది కొలువులో భాగం. మొగిలి ఘాటు దిగితే కింద ఆర్కాటు సీమ, ఎక్కితే మైసూరు సీమ. రెంటికీ మధ్య ఉన్న దారి మాది. హైదర్ అలీ ఇంగ్లీషువాళ్ళతో యుద్ధం జరుగుతుండగానే 1782 డిసెంబరులో చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలో చనిపోయాడు. అట్లాంటి దారిలో కాపురం చేసే వాడి ఇంట్లో తుపాకి లేకుంటేనే ఆశ్చర్యం.

1801లో ఆర్కాటు నవాబు నుంచి కర్ణాటక సీమ కంపెనీ చేతికి వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరులో మద్రాసు ప్రభుత్వం తిరునెల్వేలి, రామనాథపురం వైపు పాళెగాళ్ళని అణిచాక ఒక ప్రకటన చేసింది. కోటలు కూలగొట్టాలి, ఆయుధాలు అప్పజెప్పాలి, సొంత బంట్లని పెట్టుకోకూడదు. మా చిత్తూరు పాళేగాళ్ళు ఊరికే ఊరుకోలేదు. 1804 ప్రాంతంలో తిరగబడ్డారు. కంపెనీ సైన్యం వచ్చి అణిచేసింది. పైన కడప, అనంతపురం వైపు అదే పనిని మన్రో చేశాడు. ఆ తర్వాత పాళెంలో పాళెం పోయి, ఊరు మిగిలింది.

ఇక్కడ ఒక సంవత్సరం దగ్గర ఆగాలి. 1857.

ఆ ఏడాది అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ వాళ్ళు ఒక బుల్లి రివాల్వర్ అమ్మకానికి పెట్టారు. ఏడు తూటాలు పట్టేది, .22 షార్ట్. ఇత్తడో రాగో తొడుగులో మందు, గుండు, పేలే రసాయనం అన్నీ కలిపిన తూటా. ఈనాటి .22లన్నీ దాని సంతతే. లాంగ్ రైఫిల్ 1887లో వచ్చింది. ఇంట్లో సాధనకీ, ఉడతలకీ, కుందేళ్ళకీ అదే ఆ దేశపు బీదవాడి తూటా అయింది.

అదే ఏడాది మన దేశంలో ఇంకో తూటా కథ నడిచింది. ఎన్‌ఫీల్డ్ .577 తుపాకి, కాగితం తొడుగు, దానికి పూసిన కొవ్వు. మీరట్‌లో మే 10న ఏమైందో మనందరికీ ఎనిమిదో తరగతి నుంచీ తెలుసు. ఒకే సంవత్సరంలో అక్కడ ఒక తూటా ఇంటింటికీ బయల్దేరింది. ఇక్కడ ఒక తూటా వల్ల ఇంటింటి తుపాకీ పోయింది. తిరుగుబాటు అణిచాక ఆయుధాలు లాక్కోవడం మొదలుపెట్టి, చివరికి లిట్టన్ కాలంలో 1878 ఆయుధాల చట్టం తెచ్చారు. భారతీయుడికి లైసెన్సు కావాలి, యూరోపియన్‌కి అక్కర్లేదు. బ్రిటిష్ పాలన చేసిన తప్పుల్లో ఇది అన్నిటికంటే నల్లనిదని చరిత్ర అనుకుంటుందన్న అర్థంలో 1918లో రాసింది ఎవరో కాదు, అహింసావాది గాంధీనే.

మినహాయింపులు లేవని కాదు. పక్కనే కొడగులో కొడవలకి లైసెన్సు అక్కర్లేదన్నారు, అది ఇప్పటికీ నడుస్తోంది, 2019లో కేంద్రం దాన్ని ఇంకో పదేళ్ళు పొడిగించింది. తిరగబడ్డ పాళెగాళ్ళ సీమకి అలాంటి దయ ఎవరు చూపిస్తారు?

ఇక్కడినుంచి కాలిబర్ అంటే జంతువు లెక్క కాదు, సర్కారు భయం లెక్క. ఉదాహరణలు చూడండి.

సుమారు 1905 తర్వాత .450 తూటాల దిగుమతిని మన దేశంలో ఆపేశారు. సైన్యం వాడిన మార్టినీ-హెన్రీ పాత తుపాకులు తిరుగుబాటుదారుల చేతుల్లో ఉన్నాయి, వేటకొచ్చిన తూటాల గుండ్లు వాటిలోకి పోతాయేమోనని. దాంతో ఇంగ్లండులో తుపాకుల కంపెనీలు హడావుడిగా .465, .470, .475 అని కొత్త సైజులు కనిపెట్టాయి. ఏనుగు మారలేదు, పులి మారలేదు. మారింది రూలు.

సైన్యానిది .303. అదేనండీ, మన పోలీసుల భుజాన చిన్నప్పుడు చూసిన త్రీనాట్‌త్రీ. అది మామూలు మనిషికి కుదరదు కాబట్టి ఆస్ట్రియా వాళ్ళ 8 ఎం.ఎం. తూటాని పట్టుకొచ్చి .315 అని వేటగాళ్ళకిచ్చారు. తర్వాత మన ఇషాపూర్ ఫ్యాక్టరీలోనూ అదే సైజులో తయారు చేశారు. ఇంకో విచిత్రం: జైళ్ళ కాపలావాళ్ళకీ, పోలీసులకీ అదే .303 తుపాకిని నునుపు గొట్టంగా మార్చి .410 మస్కెట్ చేసిచ్చారు. ఎవడైనా లాక్కున్నా సైన్యం తూటా అందులో పేలకూడదని. అంటే సొంత పోలీసుని కూడా సగమే నమ్మారన్నమాట!

స్వాతంత్ర్యం వచ్చింది. 1959లో కొత్త ఆయుధాల చట్టం, 1962లో నియమాలు. తెల్లవాడికో న్యాయం, నల్లవాడికో న్యాయం అన్నది పోయింది, మంచిదే. కానీ లెక్క మాత్రం పాతదే. .303, 7.62 తూటాలు పట్టే రైఫిళ్ళు వద్దు. .410 మస్కెట్లు వద్దు. .380, .455, సర్వీసు 9 ఎం.ఎం. తూటాలు పట్టే పిస్తోళ్ళు, రివాల్వర్లు వద్దు. ఒక్క ముక్కలో చెప్పాలంటే, సర్కారు గిడ్డంగిలోంచి దొంగిలించిన తూటా నీ తుపాకిలో పట్టకూడదు. అదే ప్రొహిబిటెడ్ బోర్. మన భాషలో చెప్తే ఇంటర్‌ఫేస్ కావాలనే ఇన్‌కంపాటిబుల్‌గా పెట్టారు.

మిగిలింది ఏది? .32. మన ఆర్డ్‌నెన్సు ఫ్యాక్టరీ రివాల్వర్ చూస్తే ఇంగ్లీషువాళ్ళ వెబ్లీ .38 కనిపిస్తుంది, దాన్ని కుదించి .32కి దింపినట్టు ఉంటుంది. ఆ తూటా వయసు తెలుసా? 1896. ఆ ఏడాది న్యూయార్క్ పోలీసు కమిషనర్‌గా ఉన్న థియోడర్ రూజ్‌వెల్ట్ తన పోలీసులకిచ్చింది ఆ .32నే. దాని బలం చాలదని కొన్నేళ్ళకే అక్కడి పోలీసులు .38 వైపు పోయారు. మనం అక్కడే ఆగిపోయాం. 2014లో ఆడవాళ్ళ రక్షణకని అరకిలో బరువుతో, లక్షా ఇరవై వేల పైచిలుకు ధరతో 'నిర్భీక్' అని తెచ్చినప్పుడు కూడా అది .32నే.

కాబట్టి మా సీనియర్ గారు ".32 అయితే మేలు" అన్నప్పుడు అది ఆయన ఎంచుకున్న తూటా కాదు. మిగతావన్నీ కొట్టేశాక మిగిలిన తూటా. కుందేలుకి అది బాగా సరిపోవడం ఉత్త యాదృచ్ఛికం.

మరి మా తాతకి? 1959 చట్టం 13వ సెక్షన్ చదివినప్పుడు నేను కాసేపు ఆగిపోయాను. అడిగితే ఇవ్వాల్సిన లైసెన్సులు ఏవో అందులో చెప్పారు. రక్షణకో క్రీడకో ఇరవై అంగుళాలకి తగ్గని నునుపు గొట్టం తుపాకి. నిజంగా పంట కాపాడుకోవడానికైతే మూతి నుంచి నింపే తుపాకి. రైఫిల్ క్లబ్బు మెంబరు గురి సాధనకైతే .22 రైఫిల్ లేదా ఎయిర్ రైఫిల్. చేతి తుపాకి ఆ వరసలో లేనే లేదు. అది కావాలంటే తగిన కారణం ఉందని అధికారికి నచ్చజెప్పాలి.

మళ్ళీ చదవండి. .22 అట్ట మీద గీసిన గుండ్రాలకి. మందు దట్టించే గొట్టం మా చెనక్కాయల చేనుకి. 1857లో అమెరికావాడు వదిలేయడం మొదలుపెట్టిన పద్ధతిని, 1959లో మన పార్లమెంటు బంగారుపాళ్యం రైతుకి రాసిచ్చింది. (గొట్టం చాలదని అధికారి అనుకుంటే ఇంకో రకం ఇవ్వొచ్చని ఒక మినహాయింపు ఉంది. మా ఊళ్ళో దాన్ని వాడుకున్న వాణ్ణి నేను చూళ్ళేదు.)

ఆ కాలంలోనే బెంగుళూరులో ఉండే కెన్నెత్ ఆండర్సన్ తన .405 వించెస్టర్ పట్టుకుని తిరుపతి పక్కన మామండూరు అడవుల్లో తిరిగేవాడు, పుస్తకాలు రాశాడు. అదే కొండల అంచున మా తాత లాంటివాళ్ళు మంచె మీద కూచుని, వర్షానికి మందు తడవకుండా టవలు కప్పుకుని, పందుల చప్పుడుకి చెవి ఒగ్గేవాళ్ళు. వాళ్ళ గురించి ఎవరూ పుస్తకం రాయలేదు.

చెవులపిల్లిని తాత తుపాకితో కొట్టడం నేనెప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు అడిగితే, "ఒరే నాయనా, దాని మీద మందు తగలేస్తే దుడ్లు ఎవురిస్తారు? చెవులపిల్లికి వల చాలు, కౌజుకి ఉచ్చు చాలు. తుపాకి పందికి" అన్నాడు. "పంది చస్తుందా?" అంటే, "యాడ చస్తుంది? చప్పుడికి పరిగెత్తుతుంది. నాకు కావాల్సింది అదే కదా" అన్నాడు. తక్కువ శక్తి, తక్కువ ఖర్చు, పనికి తగ్గ పనిముట్టు. అమెరికా వేటగాళ్ళ సూత్రమే ఇది, మా తాత దాన్ని తుపాకి దాకా కూడా రానివ్వలేదు.

ఇంకో చట్టం సంగతి కూడా చెప్పాలి. 1972 వన్యప్రాణి చట్టం మొదట రాసినప్పుడు అందులో వేటకి చోటుంది. జంతువుల్ని షెడ్యూళ్ళుగా విడగొట్టి, రెండో దానికి స్పెషల్ గేమ్, మూడో దానికి బిగ్ గేమ్, నాలుగో దానికి స్మాల్ గేమ్ అని పేర్లు పెట్టారు. చెవులపిల్లి ఉండేది ఆ స్మాల్ గేమ్‌లో. లైసెన్సు తీసుకుని వేటాడొచ్చు. 1991 సవరణతో ఆ లైసెన్సులన్నీ పోయాయి. 2022 సవరణలో షెడ్యూళ్ళే తిరగరాశారు. ఇప్పుడు చెవులపిల్లిని కొట్టినా, కౌజుని కొట్టినా కేసే. ఏ తూటాతో అన్నది కోర్టులో ఎవరూ అడగరు. అడవులు ఎంత మిగిలాయో చూసినవాడిగా ఈ చట్టంతో నాకు పేచీ లేదు. మా సీనియర్‌కి ఈ సంగతి చెప్తే, "అవునా! నేను ఊరికే అన్నాలే" అన్నాడు.

చూశారా ఏమైందో. ఒక చట్టం పంట కాపాడుకోమని తుపాకి ఇచ్చింది. ఇంకో చట్టం పంట తినేదాన్ని ముట్టుకోవద్దంది. పంట నాశనం చేసే పందిని చంపడానికి వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద అటవీ అధికారి అనుమతివ్వొచ్చు గానీ, అది కాగితం మీద వచ్చేలోపు చేను ఖాళీ అవుతుంది. మా లైసెన్సు ఇప్పుడు డెడ్ కోడ్. ఫైల్లో ఉంది, కంపైల్ అవుతుంది, ఎవరూ కాల్ చెయ్యరు. ప్రతి ఎన్నికలకీ తీసుకుపోయి డిపాజిట్ చెయ్యడం, మళ్ళీ తెచ్చుకోవడం, అంతే దాని పని. ఒకసారి తిరిగొచ్చేటప్పటికి గొట్టం లోపల తుప్పు పట్టింది, అప్పట్నుంచీ నాయన దాన్ని పేల్చలేదు.

తుపాకి ఆగితే చేను కాపలా ఆగిందా? లేదు. పందులు పెరిగాయి. 1980ల నుంచి కుప్పం, పలమనేరు వైపు ఏనుగులొచ్చాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటైంది. చెరుకు, అరటి, మామిడి దేన్నీ వదలవు. తుపాకి మూలన పడ్డాక వచ్చింది కరెంటు తీగ. దానికి లైసెన్సు లేదు, బోర్ లేదు, గురి లేదు. అది పందినీ చంపుతుంది, ఏనుగునీ చంపుతుంది, చీకట్లో మోటారు వెయ్యడానికి పోయిన రైతునీ చంపుతుంది. పందుల కోసం పెట్టిన నాటుబాంబు కొరికి నోరు పగిలిన ఆవుని నేను చూశాను. ఆ రోజు నుంచీ నాకు జౌల్స్ లెక్కలంటే అంత సరదా లేదు.

రెండు వందల ఏళ్ళుగా మా చేతిలో ఏముండాలో రాసినవాళ్ళందరూ ఒకటే ప్రశ్న వేసుకున్నారు, ఇది మన మీదికి తిరిగితే ఎట్లా అని. చేనుకి ఏది సరిపోతుంది, జంతువుకి బాధ తక్కువగా ఏది అవుతుంది, పక్కవాడికి ప్రమాదం లేకుండా ఏది ఉంటుంది అన్న ప్రశ్న ఎవరూ వేసుకోలేదు. ఆ ప్రశ్న వేసుకుంటే జవాబు తుపాకి కాకపోవచ్చు కూడా. సోలార్ కంచె కావచ్చు, వేళకి అందే నష్టపరిహారం కావచ్చు, రాత్రి కాపలాకి కూలి కావచ్చు.

పోయిన ఆదివారం నాయనకి ఫోన్ చేసి చెప్పాను. "సరెండర్ చేసేద్దాం నాయనా. నా పేరుకి వద్దు."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మంచిదే. అయితే పుస్తకం మాత్రం నేను పెట్టుకుంటా, అడిగి చూస్తా. అందులో మీ తాత ఫోటో ఉంది" అన్నాడు. మళ్ళీ తనే, "పక్క చేనోడు తీగ లాగినాడు రా. మాపటేళ ఆ పక్కకి పోవద్దని మీయమ్మకి చెప్పినా" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. వచ్చే వారం ఊరికి పోతున్నాను, ఆ పక్క చేనాయనతో మాట్లాడాలి. సోలార్ కంచెకి ఎంతవుతుందో కనుక్కున్నాను, సగం నేను పెట్టుకుంటానని చెప్పి చూస్తాను. మీ ఊళ్ళో ఎవరైనా తీగ తీయించి ఇంకేదైనా చేసి ఉంటే చెప్పండి.